రొయ్యల చెరువు అడుగున గ్యాస్ పుట్టకుండా: నా అనుభవం

హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ తాలూకు కుళ్లిన కోడిగుడ్డు వాసన గట్టు మీదికి వచ్చిందంటే చెరువు అడుగున వ్యవహారం అప్పటికే చాలా దూరం పోయి ఉంటుంది. అందుకే నేను ముక్కుని నమ్ముకోను, గొట్టాన్ని నమ్ముకుంటాను. అంగుళంన్నర లావు, ఏడడుగుల పొడవున్న పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, దానికి రెండు రబ్బరు బిరడాలు. వారానికోసారి తెల్లవారుజామున మేత పడవ మీద వెళ్లి చెరువు నడిమధ్యలో, మేత చల్లే దారిలో, నాలుగు మూలల్లో, తూము దగ్గర దాన్ని నిలువుగా దించి అర అడుగు లోతు మట్టిలోకి గుచ్చుతాను. పై మూతికి బిరడా బిగించి నెమ్మదిగా లాగితే మట్టి జారకుండా వస్తుంది. కింది బిరడా మాత్రం గొట్టం నీళ్లలో ఉండగానే పెట్టేయాలి. పైకి తీశాక పెడదాంలే అనుకుంటే మట్టంతా జారి నీళ్లలో పడిపోతుంది, మళ్లీ మొదటికి.

గొట్టాన్ని పడవ అంచుకి ఆనించి రెండు నిమిషాలు ఆగితే పొరలు తేరుకుంటాయి. అన్నిటికన్నా పైన నీరు. దాని కింద వేలితో తాకితే చెదిరిపోయేంత తేలికైన మడ్డి: రొయ్య పెంట, చచ్చిన పాచి, నానిన మేత పొడి. ఆ కింద ఎరుపు కలిసిన గోధుమరంగులో పలచటి పొర ఒకటి ఉంటుంది. మంచి చెరువులో ఇది చిటికెన వేలి గోరంత మందం ఉంటుంది, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. దాని కింద బూడిదరంగు, ఆ తర్వాత నలుపు. నేను చూసేది ఆ గోధుమరంగు పొర ఒక్కదాన్నే. అది ఉన్నంతకాలం కింద ఎంత నల్లగా ఉన్నా నాకు పెద్ద భయం లేదు. అది గీతలా సన్నబడితే ఆ వారం మేత లెక్క మారుతుంది. అది మాయమై మడ్డి కిందే నలుపు మొదలైతే ఆ రోజు మేతే ఉండదు. ఇంట్లో సముద్రపు అక్వేరియం పెట్టి పగడాలు పెంచేవాళ్లకి ఇసుక పరుపులో ఇదే రసాయన చర్య నడుస్తుంది, కాకపోతే వాళ్లకి అద్దంలోంచి కనిపిస్తుంది. మనకి ఈ గొట్టమే అద్దం.

ఆ పొరకి అంత విలువ ఎందుకంటే, అడుగున పడిన చెత్తని కుళ్లబెట్టే బాక్టీరియాకి కూడా ఊపిరి కావాలి. ఆక్సిజన్ దొరికినంతసేపు దాంతోనే పని జరుగుతుంది. అది అయిపోతే నైట్రేట్, ఆ తర్వాత మాంగనీసు, ఇనుము. ఇవన్నీ అయ్యాక సల్ఫేట్ మీద బతికే బాక్టీరియా వంతు వస్తుంది, హైడ్రోజన్ సల్ఫైడ్‌ని వదిలేది అదే. గోధుమరంగు అంటే అక్కడ ఇనుము ఇంకా తుప్పు రూపంలో ఉందని, అంటే అక్కడిదాకా ఆక్సిజన్ అందుతోందని. కింద పుట్టిన గ్యాస్ పైకి వస్తూ ఆ పొరలో చిక్కుకుని అక్కడే మళ్లీ ఆక్సీకరణం అయిపోతుంది. పొర తెగితే నేరుగా నీళ్లలోకి వస్తుంది, రొయ్య తిరిగేది సరిగ్గా అక్కడే.

నల్లరంగు విషయంలో చాలామంది తికమక పడతారు. నలుపు గ్యాస్ కాదు, ఐరన్ సల్ఫైడ్. పుట్టిన గ్యాస్‌ని మట్టిలోని ఇనుము పట్టుకుంటే అలా నల్లబడుతుంది. అంటే నల్లమట్టి కొంతవరకు మనకి కాపలాదారే. కానీ ఆ ఇనుముకీ ఒక హద్దుంది. ఇసుక పాలు ఎక్కువగా ఉండి ఇనుము తక్కువున్న నేలల్లో నలుపు పెద్దగా కనపడకుండానే గ్యాస్ పైకి వచ్చేస్తుంది. ‘మా చెరువులో నల్లమట్టి లేదు, మాకేం భయం’ అనేవాళ్లకి ఈ సంగతి చెప్పాలి.

సల్ఫేట్ తక్కువుంటే గ్యాస్ పుట్టదు కదా అని తక్కువ ఉప్పు నీళ్లలో వెనామీ రకం రొయ్య వేసే భీమవరం, ఉండి వైపు రైతులు అడుగుతుంటారు. 35 పీపీటీ (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు) సముద్రపు నీటిలో సల్ఫేట్ లీటరుకి 2,700 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఆ నీటినే పలచన చేసి 5 పీపీటీకి తెచ్చినా ఇంకా 380 పైనే మిగులుతుంది. ఆ బాక్టీరియాకి అదే విందు భోజనం. అయితే మన చేత్తో మనమే ఇంకా పోయడం ఎందుకు? ఖనిజాలు సరిచేయడానికి నేను మెగ్నీషియం సల్ఫేట్ బదులు మెగ్నీషియం క్లోరైడ్, పొటాషియం సల్ఫేట్ బదులు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ (పొటాషియం క్లోరైడ్) వాడతాను. బురద నీరు తేరడానికి జిప్సం చల్లేవాళ్లు అది కాల్షియం సల్ఫేట్ అని గుర్తుపెట్టుకోవాలి.

ఇక పీహెచ్, అంటే నీటి ఆమ్ల-క్షార గుణం. మట్టిలో పుట్టిన సల్ఫైడ్ అంతా విషం కాదు. అందులో గ్యాస్ రూపంలో ఉన్న భాగమే రొయ్య మొప్పల్లోంచి లోపలికి పోయి కణాల్ని ఆక్సిజన్ వాడుకోనివ్వకుండా చేస్తుంది. పీహెచ్ 7 దగ్గర మొత్తం సల్ఫైడ్‌లో సగం ఆ రూపంలోనే ఉంటుంది. 7.5 దగ్గర దాదాపు నాలుగో వంతు, 8 దగ్గర నూటికి తొమ్మిది, 8.5 దగ్గర మూడు. టెస్ట్ కిట్ చూపించేది సాధారణంగా మొత్తం సల్ఫైడ్. కిట్‌లో 0.2 పీపీఎం (లీటరుకి 0.2 మిల్లీగ్రాములు) వచ్చిందనుకోండి. అడుగు నీటి పీహెచ్ 8.2 అయితే విషభాగం 0.012, ఊపిరి పీల్చుకోవచ్చు. అదే 0.2 పీహెచ్ 7.5 దగ్గర అయితే 0.048. నేను గీత గీసుకున్నది 0.03 దగ్గర. అసలు కిట్‌లో రంగు కనపడిందంటేనే నాకు నచ్చదు, అది వేరే మాట. నీరు కూడా అడుగు నుంచే తీయాలి. పై నీళ్లు ముంచుకొచ్చి ‘నిల్’ వచ్చిందని సంతోషపడితే లాభం లేదు. సీసా బుడగ లేకుండా నిండా నింపి, మూత బిగించి, గట్టు మీదే పరీక్ష చేసేయాలి. ల్యాబ్‌కి చేరేలోపు గాలి తగిలి సగం పోతుంది.

ఇక్కడో మెలిక ఉంది. అమోనియా దీనికి పూర్తిగా ఎదురు, పీహెచ్ పెరిగితే అది విషం అవుతుంది. అందుకే గ్యాస్‌కి భయపడి పీహెచ్ 8.8కి ఎక్కించుకోవడం పెనం మీంచి పొయ్యిలో పడటమే. అడుగు నీరు తెల్లవారుజామున 7.8 తగ్గకుండా, మధ్యాహ్నం పై నీరు 8.5 దాటకుండా చూసుకుంటే రెండిటి మధ్యా బండి నడుస్తుంది. తెల్లవారుజాము అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, రాత్రంతా అందరూ ఊపిరి పీల్చి బొగ్గుపులుసు వాయువు వదిలాక పీహెచ్ అడుగంటేదీ ఆక్సిజన్ అడుగంటేదీ ఒకే గంటలో. పగలు పదింటికి చేసిన పరీక్ష మనల్ని మోసం చేస్తుంది.

ఎకరం చెరువులో చదరపు మీటరుకి 40 చొప్పున లక్షా అరవై వేల సీడ్ (రొయ్య పిల్లలు) వేశాం, నీరు నాలుగున్నర అడుగులు అనుకుందాం. నూటికి ఎనభై బతికి 50 కౌంట్‌కి (కిలోకి 50 రొయ్యలు) పట్టుబడి అయితే రెండున్నర టన్నుల పైచిలుకు. ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకి పట్టే మేత, 1.4 వేసుకున్నా మేత మూడున్నర టన్నులు దాటుతుంది. తడి లెక్క తీసేసి చూస్తే పొడి మేత మూడు టన్నుల పైన లోపలికి వెళ్లింది, రొయ్య రూపంలో పొడి లెక్కన బయటికి వచ్చింది ఆరువందల కిలోల చిల్లర. మిగతాదంతా ఊపిరిగానో పెంటగానో చెరువులోనే ఖర్చయింది. ఇప్పుడు ఆక్సిజన్ వైపు చూడండి. కిలో మేత తిని, అరిగి, మిగిలింది కుళ్లి పూర్తవడానికి కిలోకి పైగానే ఆక్సిజన్ కావాలి. రెండు టన్నుల రొయ్య ఉన్నప్పుడు రోజుకి 50 కిలోల మేత. ఎకరం చెరువు నీళ్లన్నిటిలో 5 పీపీఎం లెక్కన ఒక సమయంలో ఉండే ఆక్సిజన్ మొత్తం 28 కిలోలే. ఒక్క రోజు మేతకే చెరువు రెండుసార్లు ఖాళీ అవ్వాలి! ఆ లోటు పూడ్చేది పగలు పాచి, రాత్రి నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటరు. పూడ్చలేని లోటు అడుగున నల్లగా పేరుకుంటుంది.

అందుకని నా దృష్టిలో గ్యాస్ నివారణలో సగం పని సీడ్ వేయకముందే అయిపోవాలి. పట్టుబడి అయిన మర్నాడే నీరంతా తీసేసి, నడిమధ్యన, గుంటల్లో నిలిచిన నల్లటి జావని వేరుగా తోడేస్తాను. దాన్ని గట్టు లోపలి వాలు మీద పోయకూడదు. మొదటి వానకి మళ్లీ లోపలికే దిగుతుంది. కాలవలోకి వదిలేయడం అసలు పనికిరాదు, దిగువ రైతు మోటారు తోడేది ఆ నీళ్లనే. తర్వాత ఎండబెట్టడం. గోదావరి డెల్టా బంకమట్టికి మూడు నుంచి నాలుగు వారాలు, ఇసుక పాలున్న నేలకి ఒక వారం పది రోజులు చాలు. బంకమట్టితో వచ్చే చిక్కేమిటంటే పైన పెచ్చు కట్టి, పగుళ్లు విచ్చుకుని చక్కగా ఎండినట్టు కనిపిస్తుంది. పెచ్చు ఎత్తి చూస్తే కింద నల్లటి పచ్చిమట్టి మెరుస్తూ ఉంటుంది. మనిషి నడిస్తే మడమ దిగని స్థితికి రాగానే రోటవేటర్‌తో నాలుగైదు అంగుళాల లోతు తిరగేసి మళ్లీ ఎండనివ్వాలి. అలాగని దుమ్ము లేచేదాకా ఎండబెట్టినా నష్టమే. కుళ్లబెట్టే బాక్టీరియాకి కాస్త చెమ్మ ఉండాలి, బొత్తిగా ఎండితే పని ఆపేస్తుంది.

ఎండిందో లేదో ఒక గడ్డ విరిచి చూస్తాను. బయట గోధుమరంగు, విరిస్తే లోపల నల్లటి గుండె కనపడితే ఇంకా కాలేదన్నట్టు. ఆ నలుపు మీద పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేస్తే గుడ్డు వాసన గుప్పుమంటుంది. ఇది ఆరుబయట, ముఖం పక్కకి తిప్పుకుని చేసే పని. అదే గడ్డని విరిచి ఎండలో వదిలేస్తే మర్నాటికి లోపలి నలుపు కూడా మట్టిరంగుకి తిరుగుతుంది. గాలి తగిలితే ఐరన్ సల్ఫైడ్ ఎంత తొందరగా విరుగుతుందో కళ్లతో చూడాలంటే ఇదే దారి. ఒక్క హెచ్చరిక: సముద్రపు ఒడ్డున కొన్ని మడ నేలల్లో పైరైట్ ఉంటుంది. అలాంటి నేలని లోతుగా దున్ని ఎండబెడితే గంధకామ్లం పుట్టి పీహెచ్ 4కి పడిపోతుంది. ఎండినకొద్దీ పీహెచ్ తగ్గుతూ, మట్టిలో పసుపుపచ్చ మచ్చలు కనిపిస్తే దున్నడం ఆపేసి ముందు మట్టి పరీక్షకి పంపాలి.

ఏటా ఒకటి రెండు చోట్ల ఊట వల్ల ఎంతకీ ఎండని మడుగు మిగులుతుంది. అక్కడ సోడియం నైట్రేట్ చదరపు మీటరుకి 20 నుంచి 40 గ్రాములు చల్లుతాను. ఆక్సిజన్ అందని చోట బాక్టీరియాకి సల్ఫేట్ కన్నా ముందు నైట్రేట్ వంతు అని చెప్పుకున్నాం కదా, ఆ వరసని మనకి అనుకూలంగా వాడుకోవడం అన్నమాట. 200 చదరపు మీటర్ల మడుగుకి ఆరు కిలోలు చాలు. మొత్తం చెరువుకి చల్లడం డబ్బు దండగ. ఇది మంటని రాజేసే సరుకు, కాబట్టి డీజిల్ డబ్బాల పక్కన, బెల్లం బస్తాల పక్కన పెట్టకూడదు.

సున్నం దగ్గర మనవాళ్లు చెయ్యి ఆపరు. మట్టి పీహెచ్ చూడకుండా సున్నం వేయడం నాకు నచ్చదు. ఎండిన మట్టి పొడి, డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలిపి, ఇరవై నిమిషాలు మధ్యమధ్యలో తిప్పి మీటర్ పెడితే తెలిసిపోతుంది. 7 దాటితే నేను వేయను. 6 నుంచి 7 మధ్య ఎకరానికి 400 కిలోల వ్యవసాయ సున్నపురాయి పొడి, 5 నుంచి 6 అయితే 800. కాల్చిన సున్నం రోగం వచ్చిపోయిన చెరువుకి క్రిమిసంహారం కోసమే. అది పీహెచ్‌ని 10 పైకి లేపి మంచి బాక్టీరియాని కూడా ఆపేస్తుంది, అప్పుడు ఎండబెట్టి కుళ్లబెట్టుకుందాం అనుకున్న పని అక్కడే నిలిచిపోతుంది. దున్నిన నేలని నీరు పెట్టేముందు రోలర్‌తో అణచాలి. ఈ పని వదిలేస్తే ఏరియేటర్ తిరిగినప్పుడు గుల్లమట్టి లేచి మధ్యలో మేటవేస్తుంది. ఆ మేట కింద పడిన పెంటకి గాలి అందదు. గొట్టంలో చారలు చారలుగా, ఒక నలుపు ఒక మట్టి రంగు కనపడితే అది కోత వల్ల పూడిన చెత్తే.

ఏరియేటర్ల సంఖ్యకి నా లెక్క 400 కిలోల రొయ్యకి ఒక హెచ్‌పీ. రెండున్నర టన్నులకి ఆరున్నర, అంటే ఎకరానికి రెండు హెచ్‌పీవి నాలుగు పెడతాను. గ్యాస్‌కి సంబంధించి సంఖ్య కన్నా వాటి వాటం ముఖ్యం. నాలుగూ గట్టు పాదం నుంచి పది పన్నెండు అడుగుల దూరంలో, ఒకదాని నీరు ఇంకోదాని వీపుకి తగిలేలా, ఒకే దిక్కుకి తిరిగేలా ఉంటే చెత్త సుడి తిరిగి మధ్యలో కుప్ప అవుతుంది. కుప్ప అవ్వడం మంచిదే! మిగతా చెరువంతా శుభ్రంగా ఉండి రొయ్య అక్కడ తింటుంది. మేత ఆ కుప్ప మీద పడకూడదు, అంతే. నడుమ తూము గుంట ఉన్న చెరువుల్లో అయితే ఆ కుప్పని రోజూ రెండుసార్లు, మేతకి గంటన్నర తర్వాత, నల్లనీళ్లు పోయి మామూలు నీళ్లు వచ్చేదాకా వదిలేయొచ్చు. సాధారణంగా రెండు మూడు నిమిషాలు పడుతుంది. కరెంటు బిల్లు చూసి పగలు మొత్తం ఆపేయడం దగ్గర చాలామంది దెబ్బతింటారు. పగలు పైన పాచి వల్ల 8 పీపీఎం ఉన్నా, నీరు కదలకపోతే అడుక్కి అందేది రెండో మూడో. ఆక్సిజన్ మీటర్ ప్రోబ్‌ని అడుగుకి బెత్తెడు ఎత్తులో పెట్టి చూడండి, తేడా తెలుస్తుంది. నేను మేతప్పుడు అరగంట ఆపి, మిగతా పగలంతా కనీసం రెండు తిప్పుతాను.

మేత ఎంత వేయాలో చెక్ ట్రేలే చెప్పాలి, అంటే కొంచెం మేత పెట్టి రొయ్య తిన్నదీ లేనిదీ చూసే పళ్లేలు. ఎకరానికి నాలుగు, అందులో ఒకటి మాత్రం కావాలనే కుప్పకి దగ్గరగా కడతాను. మూడు ట్రేలు ఖాళీ అయి ఆ ఒక్కదాంట్లో మేత మిగిలితే రొయ్య అడుగు చెడిన చోటు వదిలి పక్కకి జరిగిందన్నమాట. అది గొట్టం కన్నా రెండు రోజుల ముందే చెప్పిన సందర్భాలున్నాయి. నాలుగింటిలోనూ మిగిలితే ఆ పూట కోత మూడో వంతు, మర్నాడు కూడా మిగిలితే సగం. అమావాస్య పౌర్ణముల చుట్టూ గుల్ల విడిచే రోజుల్లో మేత ఎలాగూ తగ్గుతుంది. అప్పుడే గుల్ల మెత్తబడిన రొయ్య కదల్లేక అడుగునే పడి ఉంటుంది కాబట్టి గ్యాస్ దెబ్బ ఎక్కువ తగిలేది కూడా ఆ రెండు మూడు రోజులే. ఆ రాత్రుళ్లు ఏ ఏరియేటరూ ఆగకూడదు, జనరేటర్‌లో డీజిల్ సాయంత్రమే చూసుకోవాలి.

చెరువు అడుగున గొలుసు లాగడం మంచిదా చెడ్డదా అన్న వాదన ప్రతి గట్టు మీదా ఉంటుంది. ఎప్పుడు లాగుతున్నామన్నదే దానికి జవాబు. సీడ్ వేయకముందు, వేశాక మొదటి నెలలో వారానికి మూడు నాలుగుసార్లు, ఎండెక్కాక ఉదయం పది పదకొండు గంటలకి లాగితే పేరుకోబోయే మడ్డి చెదిరి ఆక్సిజన్ తగులుతుంది, గోధుమరంగు పొర మందమవుతుంది. నలభై రోజులు దాటాక, కింద నలుపు పేరుకున్నాక లాగితే ఆ పొరని మన చేత్తో మనమే చింపినట్టు. నిల్వ ఉన్న సల్ఫైడ్ ఒక్కసారి నీళ్లలోకి లేస్తుంది, పైగా ఆ నల్లమట్టి లేచిన చోట ఆక్సిజన్‌ని గుటకలు వేస్తుంది. మధ్యాహ్నానికి రొయ్య అంచులకి వస్తుంది. మొదటి నెల లాగని చెరువుకి రెండో నెల గొలుసు ఎక్కించకూడదు. ఏరియేటర్‌ని ఉన్నట్టుండి కుప్ప వైపు తిప్పడం కూడా ఇలాంటి పనే.

మబ్బు, వాన రోజులు వేరే లెక్క. వాన నీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద దుప్పటిలా పరుచుకుంటుంది, అడుగుకి గాలి అందదు. అప్పుడు తూము పై చెక్కలు తీసి పైనీరు పోనివ్వాలి, ఏరియేటర్లన్నీ తిప్పాలి, మేత సగం చేయాలి. ఇంకో ప్రమాదం పాచి ఒక్కసారిగా పడిపోవడం. ఆకుపచ్చగా ఉన్న నీరు రాత్రికి రాత్రి తేటబడి, గాలివాటు మూలన నురగ చేరితే మూడు నాలుగు రోజుల్లో అడుగున గ్యాస్ లేస్తుందని రాసిపెట్టుకోవచ్చు. చచ్చిన పాచి మొత్తం దిగేది అక్కడికే మరి. నీరు తేటగా ఉందని మురిసిపోయి మేత మామూలుగా వేసినవాళ్లు నాలుగో రోజు ల్యాబ్‌ల చుట్టూ తిరుగుతారు.

మందుల గురించి క్లుప్తంగా. జియోలైట్ అనే ఖనిజప్పొడి హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పట్టుకోదు. అది అమోనియాకి పనికొచ్చేది, ఉప్పు నీటిలో ఆ పని కూడా అంతంతమాత్రం. యుక్కా అనే మొక్క సారం కూడా అమోనియా సరుకే. బాసిల్లస్ ప్రోబయోటిక్ (మేలు చేసే బాక్టీరియా) మడ్డిని తింటుంది, నిజమే, కానీ అది తినడానికి ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకని ఉదయం పది తర్వాత, ఏరియేటర్లు తిరుగుతుండగా, అడుగు బాగున్నప్పుడే వారానికోసారి వేసుకోవాలి. అడుగు చెడ్డాక సాయంత్రం పూట డబ్బాలు గుమ్మరిస్తే ఆ రాత్రి ఆక్సిజన్ ఇంకా పడుతుంది. తవుడు, బెల్లం, ఈస్ట్ పులియబెట్టి పోసే జ్యూస్‌కీ ఇదే వర్తిస్తుంది. గ్యాస్ లేచిన చెరువులో బెల్లం నీళ్లు పోయడమంటే ఆకలిగా ఉన్న బాక్టీరియాకి ఇంకో విస్తరి వేయడమే. అడుక్కి దిగి ఆక్సిజన్ వదిలే గుళికలు కొన్ని గంటల ఊపిరి ఇస్తాయి. కుప్ప అంచుల్లో చల్లడానికి ఒక సంచి షెడ్డులో ఉండటం మంచిది, రోజువారీ వాడకానికి కాదు.

ఇన్ని చేసినా ఒక్కోసారి లేస్తుంది. గుర్తులు: ట్రేలో మేత అలాగే ఉండటం, పట్టి చూస్తే రొయ్య మెత్తగా నీరసంగా ఉండటం, మొప్పలు నల్లబారడం, చచ్చినవి తేలకుండా మధ్యలో అడుగున దొరకడం. నల్ల మొప్పలకి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి అది ఒక్కటే చూసి తీర్మానించకూడదు. ఆ రోజు వరస ఇది. ముందు మేత పూర్తిగా ఆపాలి, ఇరవై నాలుగు గంటలు. ఆకలికి రొయ్య చావదు. ఏరియేటర్లన్నీ ఉన్నచోటే, ఉన్న దిక్కుకే తిప్పాలి. రిజర్వాయరులో మంచి నీరుంటే అడుగు నీరు తీస్తూ పదో వంతు మార్చాలి, ఒక్కసారే సగం మార్చకూడదు. అడుగు నీటి పీహెచ్, అమోనియా రెండూ చూడాలి. పీహెచ్ 7.5 లోపుండి అమోనియా తక్కువుంటేనే విరిచిన సున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) ఎకరానికి పది కిలోలు నీళ్లలో బాగా కలిపి, తేర్చిన నీటిని చెరువంతా పలచగా చల్లి, రెండు గంటలాగి మళ్లీ పీహెచ్ చూడాలి. అమోనియా ఎక్కువుంటే సున్నం జోలికి పోకుండా నీరు, గాలి మీదే ఆధారపడాలి. గుళికలు కుప్ప చుట్టూ. మధ్యలోకి మనిషిని దింపి కాళ్లతో తొక్కించి ‘గ్యాస్ వదిలించడం’ మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. మర్నాడు ట్రేలు చూసి మామూలు మేతలో నాలుగో వంతుతో మొదలుపెట్టి, గొట్టంలో పొర తిరిగి కనపడేదాకా సగం దాటకూడదు. అందుకు వారం పడుతుంది, ఒక్కోసారి పది రోజులు.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. ఆరుబయట చెరువులో ఈ గ్యాస్ సాధారణంగా మనిషిని ఏమీ చేయదు. మూత ఉన్న తూము గుంట, పంపు గొయ్యి, మురుగు తొట్టి అలా కాదు. ఇది గాలి కన్నా బరువు, గుంటలో అడుగునే నిలుస్తుంది. కొంచెం ఉన్నప్పుడు కంపు కొడుతుంది, గాలిలో 100 పీపీఎం చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, గ్యాస్ తగ్గిందిలే అని దిగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. దిగినవాడు పడిపోతే తీయడానికి ఇంకొకరు దూకడం అంతకన్నా ప్రమాదం. అలాంటి గుంటని పైనుంచి పంపుతోనే ఖాళీ చేస్తాం, మనిషి దిగడు.

పట్టుబడి అయి నీరు దిగిపోయిన సాయంత్రం ఒక పని ఉంటుంది. వెదురు పుల్లల కట్ట పట్టుకుని బురదలో నడుస్తూ నలుపు మొదలైన చోటల్లా అంచు వెంబడి పుల్ల గుచ్చుతాను. పుల్ల దిగిన లోతు మీద గోరుతో గీత పెడతాను. గట్టెక్కి చూస్తే కుప్ప ఆకారం పుల్లల వరసలో కనిపిస్తుంది. గుండ్రంగా నడిమధ్యలో ఉంటే ఏరియేటర్లు సరిగ్గా ఉన్నట్టు. ఒక పక్కకి కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ వైపు ఏరియేటర్ బలం చాల్లేదు, దాని గుంజల్ని ఆరడుగులు ముందుకి జరపాలి. మూలలో విడిగా ఒక నల్ల మచ్చ ఉంటే అక్కడ నీరు తిరగడం లేదు, ఆ మూలని మట్టితో గుండ్రంగా పూడ్చాలి. ఫోన్‌లో ఫొటో తీసి తేదీ వేసి పెట్టుకుంటాను, పుల్లలు మాత్రం ట్రాక్టర్ వచ్చేదాకా తీయను. జావ ఎత్తే మనిషికి ఎక్కడిదాకా ఎత్తాలో ఆ పుల్లలే చూపిస్తాయి.